బయట వరద, లోపల వాటాల గొడవ

ఊరికి దూరంగా ఒక ఇల్లు, ఒకరంటే ఒకరికి పడని కుటుంబం, తెల్లారేసరికి ఒక శవం. ఈ తరహా డిటెక్టివ్ నవలల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. హంతకుడెవరో ఏ నవల విషయంలోనూ చెప్పలేదు, ధైర్యంగా చదవచ్చు.

ప్రశ్న: అగాథా క్రిస్టీ ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ బాగా నచ్చింది. అలాగే ఒకే కుటుంబం ఇంట్లో చిక్కుకుపోయే నవలలు ఏవి? రెండు మొదలుపెట్టాను గానీ పేర్లు కలిసిపోయి మధ్యలో వదిలేశాను. (పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: 1939 నాటి ఆ నవలలో దీవికి చేరిన పదిమందిలో, బట్లరు దంపతుల్ని పక్కన పెడితే ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ముక్కూమొహం తెలియనివాళ్ళని ఒకచోట కట్టిపడేయాలంటే చుట్టూ సముద్రం ఉండాలి. అన్నదమ్ములకి అంత అక్కర్లేదు. ముసలాయన వీలునామా మారుస్తున్నాడన్న కబురు చెవిన పడితే చాలు, తలుపులు బార్లా తెరిచి ఉన్నా ఒక్కరూ గడప దాటరు. కుటుంబ నవలలన్నీ ఈ ఇరుసు మీదే తిరుగుతాయి.

ముందుగా క్రిస్టీదే ‘హెర్క్యూల్ పాయిరోస్ క్రిస్మస్’ (1938) చదవండి. దక్షిణాఫ్రికా వజ్రాలతో కోట్లు గడించిన సిమియన్ లీ పండక్కని కొడుకుల్నీ కోడళ్ళనీ పిలిపిస్తాడు. వాళ్ళందరికీ వినపడేలా లాయరుకి ఫోను చేసి, వీలునామా మార్చాలంటాడు. ఇక ఆ రాత్రి ఏమవుతుందో ఊహించుకోండి. తర్వాత ఎస్.ఎస్. వాన్ డైన్ ‘ది గ్రీన్ మర్డర్ కేస్’ (1928). ఆ ఇల్లుండేది న్యూయార్క్ నగరంలోనే. అయితే తండ్రి వీలునామాలో ఒక మెలిక పెట్టి పోయాడు: కుటుంబమంతా 25 ఏళ్ళు ఆ ఇంట్లోనే ఉండాలి, కాదని వెళ్ళినవాళ్ళకి వాటా లేదు. ఒకరి మొహం ఒకరు చూడలేని మనుషులు అలా కలిసి కాపురం చేస్తుంటారు. క్రిస్టీ తన నవలల్లో తనకిష్టమైనవాటిలో ఒకటిగా చెప్పుకున్న ‘క్రుకెడ్ హౌస్’ (1949) మూడోది. ఒకే కప్పు కింద వేరు కాపురాలు ఎలా ఉంటాయో మనకి తెలియంది కాదు గనుక, ఇది మన పాఠకులకి చప్పున పట్టుబడుతుంది.

నాలుగోదిగా జపాన్ రచయిత సెయిషి యోకోమిజో ఇనుగామి కుటుంబం కథ. 1950–51లో సీరియల్‌గా వచ్చింది. పట్టు వ్యాపారంలో కోటికి పడగలెత్తిన పెద్దాయనకి ముగ్గురు తల్లులకి పుట్టిన ముగ్గురు కూతుళ్ళు. వీలునామా చదివితే ఆస్తంతా బయటి పిల్ల తమాయో పేరనే ఉంటుంది. షరతు ఏమిటంటే, ముగ్గురు మనవల్లో ఒకరిని ఆమె పెళ్ళాడాలి. మీరన్న పేర్ల తికమక ఇందులో మరీ ఎక్కువ. మనవలు సుకెకియో, సుకెటాకె, సుకెటోమో. వాళ్ళ తల్లులు వరసగా మాట్సుకో, టాకెకో, ఉమెకో. తల్లుల పేర్లలో పైన్, వెదురు, ప్లమ్ చెట్లున్నాయి. ఏ చెట్టుకి ఏ కొమ్మో రాసుకుంటే ఇక తడబడరు.

ఏ నవలకైనా మొదటి 30 పేజీల్లోపు కాగితం మీద వంశవృక్షం గీసుకోండి. అల్లుళ్ళనీ కోడళ్ళనీ వదలొద్దు. ప్రతి పేరు పక్కనా రెండు గళ్ళు పెట్టండి. పెద్దాయన ఇవాళ పోతే వీళ్ళకి ఎంత వస్తుంది, రేపు వీలునామా మార్చాక పోతే ఎంత? రెండు గళ్ళ మధ్య తేడా ఎక్కువున్నవాళ్ళని రచయిత మీకు ఎరగా చూపిస్తాడు. తేడా ఏమీ లేనట్టు కనిపించేవాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచండి.

కొనేముందు పేరు కూడా చూసుకోండి. ఇనుగామి నవల ఇంగ్లీషులో ‘క్లాన్’ అనీ ‘కర్స్’ అనీ రెండు పేర్లతో దొరుకుతోంది. పాయిరో క్రిస్మస్ నవల అమెరికాలో ‘మర్డర్ ఫర్ క్రిస్మస్’, ‘ఎ హాలిడే ఫర్ మర్డర్’ అని కూడా వచ్చింది. ఒకే పుస్తకానికి రెండుసార్లు డబ్బు పెట్టకండి.

ప్రశ్న: కోనసీమ లంక గ్రామంలో మండువా ఇల్లు, గోదావరి వరద, 14 మంది కుటుంబసభ్యులు. ఇలా ఒక నవల మొదలుపెట్టాను. సెల్‌ఫోన్ల దగ్గర ఆగిపోయాను. అందరి ఫోన్లూ చార్జింగ్ అయిపోయాయని రాస్తే నమ్ముతారా? (పాఠకుడు, అమలాపురం)

జవాబు: నమ్మరు. పైగా ఫోనుకంటే పెద్ద చిక్కు మీ కథలో వేరే ఉంది. గోదావరి వరద చెప్పాపెట్టకుండా రాదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలంలో నీటిమట్టం ఎంతో టీవీలో గంటగంటకీ చెబుతూనే ఉంటారు. లంకల్లోవాళ్ళు గొడ్లని ఏటిగట్టు మీదికి తోలేసేపాటి వ్యవధి ఉంటుంది. అలాంటప్పుడు మీ 14 మందీ ఎందుకు కదల్లేదు? దీనికి జవాబు లేకపోతే ఎన్ని ఫోన్లు నీళ్ళలో పడేసినా లాభం లేదు.

జవాబు ఆస్తిలోంచే రావాలి. రేపు పొద్దున పంపకాల కాగితాల మీద సంతకాలు. ముందు వెళ్ళినవాడు మోసపోతాడని ప్రతివాడికీ అనుమానం. రెండో హెచ్చరిక వచ్చినా ఒకళ్ళని చూసి ఒకళ్ళు కూర్చుంటారు. మూడో హెచ్చరిక నాటికి లంకకి దారైన కాజ్‌వే మునిగి, పడవలు చీకట్లో తిరగడం మానేస్తాయి. ఇప్పుడు చిక్కుకున్నది వాళ్ళ స్వయంకృతం, పాఠకుడు నమ్ముతాడు.

ఫోను సంగతి. కరెంటు పోయాక సెల్ టవరు కొన్ని గంటలు బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిల్ మీద నడుస్తుంది. వరదలో డీజిల్ చేరకపోతే చుట్టుపక్కలంతా సిగ్నల్ పోతుంది. అలా రాయొచ్చు. అంతకంటే ఒక్క ఫోను పనిచెయ్యనివ్వడం మేలు. మేడమీద ఒక మూల సిగ్నల్ తగులుతూ పోతూ ఉంటుంది. ఎస్సైకి సంగతి చేరుతుంది, ‘తెల్లారగానే బోటు పంపిస్తాం, ఏదీ ముట్టుకోకండి’ అంటాడు. బయటి లోకానికి తెలిసిపోయింది, ఇక మిగిలింది ఒక రాత్రి. హంతకుడికి ఉన్న గడువూ అంతే. బెదురు ఇందులోనే ఎక్కువ.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే కథని 1996కి జరపండి. ఆ ఏడాది నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. చెట్లూ కరెంటు స్తంభాలూ అడ్డం పడి దారులు మూసుకుపోయాయి. పల్లెల్లో సెల్‌ఫోన్ల ఊసే లేదు, ఉన్న ల్యాండ్‌లైను తెగిందంటే ఎవరూ అడగరు.

14 మంది వద్దు. అనుమానితులు 7 నుంచి 9 మంది. అంతకు తగ్గితే రెండో చావుతోనే దొంగ దొరికిపోతాడు. పెరిగితే పాఠకుడు ‘ఈ పెదనాన్న ఎవరి పెదనాన్న?’ అని వెనక్కి తిప్పుకుంటాడు. మిగతావాళ్ళని చంపక్కర్లేదు, పెళ్ళికో అమెరికాకో పంపేయండి. 200 పేజీల నవలయితే మొదటి చావు 40వ పేజీ లోపు పడాలి. రెండోది 120 ప్రాంతాల.

మండువా ఇల్లు ఎంచుకున్నారు గనుక ఒక హెచ్చరిక. బంగళాలో పొడవాటి వసారాలు, మూసిన తలుపులు, ఎవరి గది వారిది. మండువాలో గదులన్నీ నడిమి వాకిట్లోకే తెరుచుకుంటాయి. నడవలో పడుకున్న బామ్మకి అన్ని గుమ్మాలూ కనిపిస్తాయి. ఇంగ్లీషు నవల ప్లాను తెచ్చి ఇక్కడ అతికిస్తే బామ్మే సాక్షి, కథ అయిపోతుంది. బదులుగా ఇంటి గుణాన్నే వాడుకోండి. చాలా పెంకుటిళ్ళలో గదుల మధ్య గోడ కప్పు దాకా వెళ్ళదు. పక్కగదిలో గుసగుస వినిపిస్తుంది, అటక మీదుగా మనిషి దాటిపోవచ్చు. పెంకుల మీద వాన హోరుకి కేక కూడా వినపడదు. వాన ఒక పది నిమిషాలు తెరిపి ఇచ్చిందనుకోండి, ఆ పది నిమిషాల్లో ఎవరేం విన్నారన్నది మీ కథకి కీలకం అవుతుంది.

ప్రశ్న: నా కథలో పెద్దకొడుకు ఆస్తి కోసం తండ్రిని చంపుతాడు. చంపినవాడికి వాటా రాదు కదా, ఇక మోటివ్ ఎక్కడుంది అని స్నేహితుడు కొట్టిపారేశాడు. నిజమేనా? (పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మీ స్నేహితుడు చట్టం వరకు సరిగ్గానే చెప్పారు. హిందూ వారసత్వ చట్టం (1956) 25వ సెక్షన్ ప్రకారం హత్య చేసినవాడూ, అందుకు సహకరించినవాడూ చనిపోయిన మనిషి ఆస్తికి వారసులు కాలేరు. 27వ సెక్షన్ వాణ్ణి తండ్రికంటే ముందే పోయినట్టు లెక్కేస్తుంది. ఇంగ్లండులోనూ ఇదే న్యాయం. భార్యని చంపి 1910లో ఉరికంబమెక్కిన డాక్టర్ క్రిప్పెన్ తరఫున భార్య ఆస్తి అడిగితే, 1911లో కోర్టు ఇవ్వనంది. అయినా మోటివ్ పోదు. దొరికిపోతానని ఎవడూ చంపడు కదా.

ఈ సెక్షన్‌ని మోటివ్‌కి అడ్డంకిగా కాక, రెండో మోటివ్‌గా చూడండి. అన్న మీదికి నేరం నెడితే తమ్ముడి వాటా పెరుగుతుంది! తండ్రిని చంపినవాడొకడు, ఆ చావుని వాడుకుని అన్నని ఇరికించేవాడు ఇంకొకడు. అబద్ధపు సాక్ష్యం చెప్పే ప్రతివాడూ హంతకుడు కానక్కర్లేదని పాఠకుడికి చివర్లో తెలుస్తుంది. అయితే ఆ అన్నకి పెళ్ళి కాకుండా చూడండి. పెళ్ళాం, పిల్లలు ఉంటే వాళ్ళ హక్కుల దగ్గర లాయర్లు వాదులాడుకుంటారు, మీ కథ కోర్టులో పడుతుంది.

ఇంగ్లీషు నవలల్లోంచి ఎత్తుకొస్తే బెడిసికొట్టే మలుపు ఒకటుంది. 1837 నాటి విల్స్ చట్టం ప్రకారం ఇంగ్లండులో పెళ్ళి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది. 1920లో వచ్చిన క్రిస్టీ మొదటి నవలలో డబ్బున్న పెద్దావిడ రెండో పెళ్ళి అంత కలకలం రేపడానికి ఇదీ ఒక కారణం. హిందువుల వీలునామా పెళ్ళితో రద్దవదు. మీ కుటుంబం గుంటూరు క్రైస్తవ కుటుంబమైతే మాత్రం ఈ మలుపు చక్కగా పనిచేస్తుంది. భారత వారసత్వ చట్టం (1925) 69వ సెక్షన్ వాళ్ళకి వర్తిస్తుంది.

మన సీరియళ్ళలో తరచూ కనిపించే పొరపాటు ఇంకోటి. తాతగారు కోపమొచ్చి పిత్రార్జితమంతా గుడికి రాసేస్తాడు. ఉమ్మడి ఆస్తిలో తన వాటాకి, తన స్వార్జితానికి మాత్రమే ఆయన వీలునామా రాయగలడు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సాక్షి సంతకాలు రెండు ఉండాలి. తెల్లకాగితం మీద రాసి బియ్యం డబ్బాలో దాచినా చెల్లుతుంది. కథకుడికి ఇంతకంటే ఏం కావాలి?

ఆడపిల్లల విషయంలో కథ జరిగే సంవత్సరం చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి లేదు. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న కొత్త సవరణ వచ్చేదాకా ఇదే పరిస్థితి. అంటే పైన చెప్పిన 1996 తుపాను రాత్రి అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే చాప మీద పడుకుని ఉన్నారనుకోండి. 1984లో పెళ్ళయిన అక్కకి ఉమ్మడి ఆస్తిలో సొంత వాటా లేదు, 1987లో పెళ్ళయిన చెల్లెలికి అన్నతో సమానంగా వాటా ఉంది. లగ్నపత్రిక మీద తేదీ క్లూగా మారుతుంది.

హిందూ వారసత్వ చట్టంలోనే ఇంకొక సెక్షన్, 21. ఇద్దరు కలిసి పోయి, ఎవరు ముందో తేలకపోతే వయసులో చిన్నవాళ్ళే తర్వాత పోయారని చట్టం అనుకుంటుంది, వేరే రుజువు దొరికేదాకా. ఇంగ్లండులో కూడా 1925 నాటి చట్టం ప్రకారం ఇదే నియమం. వరదలో తండ్రీ కొడుకూ ఒకే పడవలో పోతే ఈ ఒక్క వాక్యం మీద మాగాణి ఎటు పోవాలో తేలుతుంది.

ప్రశ్న: ఇంగ్లీషు నవలల్లో శవాన్ని గదిలో పెట్టి తాళం వేసి, మూడు రోజులు కథ నడుపుతారు. మన దగ్గర కుదురుతుందా? (పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: కుదరదండీ. మంచు వాళ్ళకి దారులు మూయడమే కాదు, ఐసుపెట్టె పని కూడా చేసిపెడుతోంది. మన వేసవిలో 12 నుంచి 18 గంటల్లో పొట్ట కుడిపక్క కింది భాగం పచ్చబడడం మొదలవుతుంది. ఈగలు అంతకంటే ముందే వస్తాయి. రెండోరోజు ఆ ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ అనుమానాలు చర్చించుకోవడం జరిగే పని కాదు. కథ మొత్తాన్ని 30 గంటల్లో కట్టేయండి, లేదా శవాన్ని వెనక కొట్టంలోకి మార్పించి, మార్చేటప్పుడు ఒక క్లూ చెడిపోయేలా చేయండి.

చనిపోయిన టైము ‘సరిగ్గా 9.10’ అని ఇంట్లో ఉన్న డాక్టరు బావ చెబితే అతన్నే అనుమానించాలి. శరీరం బిగుసుకోవడం ఒకటి రెండు గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర మొదలై 12 గంటలకి ఒళ్ళంతా పాకుతుంది. ఎండాకాలంలో 18 నుంచి 36 గంటల్లో సడలిపోతుంది. ఒంటి చల్లదనం చూసి లెక్కగట్టడం చలిదేశాల్లో చెల్లుతుంది. గది వేడే 34 డిగ్రీలుంటే ఒళ్ళు చల్లబడేదెంత? నికరంగా పనికొచ్చేది నెత్తురు కిందికి దిగి కట్టే నల్లటి మచ్చలు. 6 నుంచి 12 గంటల మధ్య అవి స్థిరపడతాయి, ఆ తర్వాత మనిషిని తిప్పినా చోటు మారవు. వెల్లకిలా దొరికిన శవానికి మచ్చలు ఛాతీ మీద ఉన్నాయంటే ఎవరో తిప్పారు. ఈ మాట డాక్టరు చేత కాక, స్నానం చేయించబోయిన పెద్దావిడ చేత యథాలాపంగా అనిపించండి. వినేవాళ్ళెవరూ పట్టించుకోరు.

ప్రశ్న: పనిమనిషో వంటమనిషో హంతకులు కాకూడదని రూలు ఉందటగా? (పాఠకుడు, విజయనగరం)

జవాబు: వాన్ డైన్ 1928లో రాసిన 20 నియమాల్లో ఉంది. నేరస్తుడు ‘తగిన మనిషి’ అయ్యుండాలన్నది ఆయన వాదన. అందులో కొంత దొరల అహంకారం కనిపిస్తుంది, పక్కన పడేయండి. కానీ కుటుంబ కథలో వంటావిడ హంతకురాలైతే ఆ కుటుంబ కలహాలన్నీ దండగే. ఆమెని సాక్షిగా ఉంచుకోండి. ఎవరి కంచంలో అన్నం మిగిలిందో ఇంట్లో ఆమెకి ఒక్కదానికే తెలుసు.

ప్రశ్న: రాసి చూపిస్తే సగంలోనే హంతకుణ్ణి కనిపెట్టేస్తున్నారు. క్లూలు ఎలా దాచాలి? (పాఠకురాలు, డాలస్)

జవాబు: రాయడానికి ముందు ఒక పట్టిక వేయండి. నిలువుగా మనుషులు, అడ్డంగా హత్యకి అటూఇటూ రెండు గంటలు, 15 నిమిషాల గళ్ళు. ప్రతి గడిలో రెండు సంగతులు: నిజంగా ఎక్కడున్నారు, ఎక్కడున్నామని చెప్పారు. 8 మందిలో ముగ్గురికే గట్టి అలీబీ (హత్య వేళ వేరేచోట ఉన్నట్టు రుజువు) ఉండాలి, అందులో ఒకటి బూటకం. కొత్తవాళ్ళు హంతకుడికి ఒక్కడికే అలీబీ బిగించి మిగతావాళ్ళని గాలికి వదిలేస్తారు. మీ పాఠకులు పట్టేసింది బహుశా అక్కడే.

ముఖ్యమైన క్లూ మూడుసార్లు కనబడాలి, మూడుసార్లూ వేరే పనిలో ఉన్నట్టు. ఉదాహరణకి చిన్నన్నయ్య రాత్రంతా మంచం దిగలేదంటాడు. మొదటిసారి జాబితాలో పెట్టండి: దండెం మీద రెండు తువ్వాళ్ళు, అమ్మమ్మ నేతచీర, చిన్నన్నయ్య పంచె, పిల్లల లాగులు. జాబితా మధ్యలో ఉన్నదాన్ని కన్ను దాటేస్తుంది, మొదట, చివర పెట్టకండి. రెండోసారి తగవులో: ‘ఇంట్లో పొడిగుడ్డ లేదు, ఆ పంచె అంచంతా ఎర్రమట్టి, ఎవరుతుకుతారు?’ అని వదినగారు విసుక్కుంటుంది, పాఠకుడి దృష్టి వదినా ఆడపడుచుల మాటల మీదికి పోతుంది. మూడోసారి చాలాసేపటికి, తాతగారు పెరటిగట్టుకి ఎర్రమట్టి తోలించిన ఖర్చు గురించి సణుగుతాడు. ఈ మూడింటినీ డిటెక్టివ్ ఒకచోట చేర్చేదాకా పాఠకుడు చేర్చకూడదు, చేర్చాక మాత్రం వెనక్కి తిప్పి చూస్తే అన్నీ అక్కడే ఉండాలి.

రోనాల్డ్ నాక్స్ 1929లో చెప్పిన పది నియమాల్లో రెండు ఇప్పటికీ పాటించదగ్గవి. నేరస్తుడు కథ తొలిభాగంలోనే కనిపించాలి. రహస్య మార్గం ఒకటికి మించకూడదు. మీది పెంకుటిల్లయితే ఆ ఒకటి అటకే, మొదటి అధ్యాయంలో ఆవకాయ జాడీ దించడానికని ఎవరినైనా ఎక్కించండి.

ప్రశ్న: తెలుగులో ఈ రకం నవలలు ఎందుకు తక్కువ? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మన డిటెక్టివ్ ఎక్కువగా బయట తిరిగే మనిషి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, రాజులనే తీసుకోండి, వెంటాడడం, మాటు వేయడం, మారువేషం. పాఠకుడికి కావలసింది అదే అయినప్పుడు ఒకే ఇంట్లో కూర్చోబెట్టే కథకి చోటు తక్కువ. వారపత్రిక సీరియల్ కూడా ఇందుకు అనుకూలం కాదు. ఎనిమిదో వారంలో పంచె అంచు గురించి చదివినవాళ్ళకి ఇరవయ్యో వారంలో ఎర్రమట్టి అంటే గుర్తుండదు, వెనక్కి తిప్పుదామంటే ఆ సంచిక పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి ఉంటారు. మీరు సీరియల్‌గానే రాయదలిస్తే ఒక క్లూ వేసిన నాలుగు వారాల్లోపు రెండోసారి తాకించండి. ఇంటి ప్లాను, వంశవృక్షం ఐదారు వారాలకోసారి మళ్ళీ అచ్చువేయమని సంపాదకుణ్ణి అడగండి. అర పేజీ పోతుందని గొణుగుతారు, వినకండి.